ఎడమ మలుపులో తెరుచుకునే తలుపు

6 నవంబరు 2024, బుధవారం

పొద్దున ఇంటింటి సర్వే వాళ్లు వచ్చి గుమ్మం పక్కన స్టిక్కర్ అంటించి పోయారు. వాళ్లు మెట్లు దిగుతుంటే మేనల్లుడు ఎక్కుతూ ఎదురయ్యాడు. మొహం చూస్తేనే తెలిసింది, ఎక్కడో డబ్బులు తగలబడ్డాయని.

వాడికి షూటింగులకు అద్దెకిచ్చే క్యారవాన్లు ఉన్నాయి. ఒకటి ఎప్పుడూ మా వీధి చివరే ఆగి ఉంటుంది. శ్రీనగర్ కాలనీలో అదేం వింత కాదు. వీధికో సినిమా ఆఫీసు, పక్కన కృష్ణానగర్. ఏ సందులో చూసినా ఒక జనరేటర్ వ్యానో, లైట్లు ఎక్కిస్తున్న డీసీఎమ్మో కనిపిస్తుంది. ఎదురింటాయన మాత్రం ఆ బండిని చూసినప్పుడల్లా గేటు గట్టిగా వేస్తాడు.

నిన్న రాత్రి వికారాబాద్ నుంచి ప్యాకప్ అయ్యి వస్తుంటే అనంతగిరి గుట్ట దిగేచోట ఫ్రిజ్ తలుపు తెరుచుకుందట. పెరుగు డబ్బా, కొబ్బరినీళ్ల సీసాలు, హీరోయిన్ గారి డైట్ డబ్బాలు అన్నీ కార్పెట్ మీద. వెనకాల ఎవరూ లేరు కాబట్టి బండి ఆపేదాకా ఎవరికీ తెలియలేదు. తలుపు బార్లా తీసే ఉండటంతో కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా చచ్చింది.

"మావయ్యా, నువ్వు ఫ్రిజ్‌లు తయారుచేసినవాడివి. దీనికేదో ఒక మందు చెప్పు. ఇది మొదటిసారి కాదు."

కార్పెట్ ఉతికించడానికి ఎంతయ్యిందో వాడు చెప్పాడు. ఆ డబ్బుతో కొత్త కార్పెట్టే వస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు.

8 నవంబరు, శుక్రవారం

ఫ్రిజ్‌లు తయారుచేసినవాడిని అంటే పూర్తిగా నిజం కాదు. ఆల్విన్‌లో తలుపుల దగ్గర పనిచేశాను. రబ్బరు బిగించడం, కీలు సరిచూడటం, తలుపు వేసి తీసి చూడటం. సనత్‌నగర్‌లో మా కంపెనీ చేసినన్ని రకాల సరుకులు ఇప్పుడు ఎవరికైనా చెబితే నమ్మరు. బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు. 1942లో నిజాం ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి పెట్టిన సంస్థ. తొంభైల్లో ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఇప్పుడు మియాపూర్ వైపు వెళ్లే బస్సు కండక్టర్ "ఆల్విన్, ఆల్విన్" అని అరుస్తాడు. అదేమిటో దిగేవాళ్లలో సగం మందికి తెలియదు.

బస్సు బాడీ కట్టినవాళ్లూ ఫ్రిజ్ కట్టినవాళ్లూ ఒకే కంపెనీ మనుషులం. అయినా బస్సులో ఫ్రిజ్ పెడితే ఏమవుతుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. అవసరం రాలేదు మరి. అప్పట్లో ఔట్‌డోర్‌కి వెళ్తే ఎంత పెద్ద హీరోకైనా చెట్టు నీడ, మడత కుర్చీ, గొడుగు పట్టే కుర్రాడు. అంతే.

మేనల్లుడి ప్రశ్నకు అసలు జవాబు తలుపు అయస్కాంతంలో ఉంది. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు గొట్టంలో సన్నటి అయస్కాంతపు పట్టీ ఉంటుంది. అది తలుపును పట్టుకునేది చాలా తక్కువ బలంతో. కావాలనే తక్కువ. వెనకటి ఫ్రిజ్‌లకు హ్యాండిల్‌లోనే గట్టి గడియ ఉండేది, బయట నుంచి లాగితే తప్ప తెరుచుకునేది కాదు. అమెరికాలో పిల్లలు దాగుడుమూతలాడుతూ పారేసిన ఫ్రిజ్‌లలో దూరి, తలుపు పడిపోయి, ఊపిరాడక చనిపోయారు. అలా ఒకరిద్దరు కాదు. దాంతో 1956లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. 1958 చివరి నుంచి తయారయ్యే ఇంటి ఫ్రిజ్ ఏదైనా లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి. గడియలు పోయి అయస్కాంతాలు వచ్చాయి. మన దేశంలో గోద్రెజ్ తొలి ఫ్రిజ్ చేసింది కూడా 1958లోనే.

అంటే, లోపల ఉన్న చంటిపిల్ల తోస్తే తెరుచుకోవాలన్నది ఆ తలుపు లెక్క. లోపల తోసేది పిల్లా, పెరుగు డబ్బానా అన్నది దానికెలా తెలుస్తుంది?

10 నవంబరు, ఆదివారం

ఇవాళ బండెక్కి చూశాను. డ్రైవర్ నల్గొండ వైపు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"సార్, నేను జూస్తున్న. ఎడమకు కోసినప్పుడే తెర్సుకుంటది. కుడికి కోస్తే ఏం గాదు."

ఆ ఒక్కమాటతో సగం పని అయిపోయింది.

ఫ్రిజ్ బండికి ఎడమ గోడకు ఉంది, ఎక్కే తలుపు వెనకాల. దాని మొహం నడవ వైపు, అంటే కుడివైపుకి. బండి ఎడమకు తిరిగితే లోపలి సామానంతా కుడికి పోతుంది, అంటే నేరుగా తలుపు మీదికి. కుడికి తిరిగితే అదే సామాను వెనక గోడకు ఒత్తుకుని బుద్ధిగా కూర్చుంటుంది. పైగా మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఎడమ మలుపు ఎప్పుడూ లోపలి మలుపే, ఇరుకు మలుపు. ఇరుకైన కొద్దీ తోపు ఎక్కువ.

ఇంకొకటి. తలుపు కీలు బండి ముందు వైపుకి ఉంది. బ్రేకు వేస్తే అన్నీ ముందుకు పోతాయి కదా. మూసి ఉన్నంతసేపు ఏమీ కాదు. కొద్దిగా సందు పడిందా, ఆ తలుపును బ్రేకు ఇంకా ముందుకు లాగి బార్లా తెరుస్తుంది. కీలు వెనక వైపుకి ఉంటే అదే బ్రేకు తలుపును మూసేది. ఎవరు బిగించారో గానీ, గోడా కీలూ రెండూ తప్పు వైపే ఎంచుకున్నారు. ఈ మోడల్‌లో అదృష్టం కొద్దీ రెండు వైపులా కీలు బెజ్జాలు ఉన్నాయి. ఎడమ, కుడి మార్చుకోవచ్చు.

స్ప్రింగ్ కాటా తీసుకెళ్లి హ్యాండిల్‌కి తగిలించి లాగాను. రెండు కిలోలు చూపిస్తుండగానే తలుపు ఊడొచ్చింది. రబ్బరు మడతల్లో జిడ్డు, బియ్యపు గింజ, ఒక బొట్టుబిళ్ల. కింది మూల రబ్బరు అణిగిపోయి ఉంది. పది రూపాయల నోటు తలుపు మధ్య పెట్టి మూసి లాగితే మిగతా మూడు మూలల్లో పట్టింది, అక్కడ మాత్రం జారి వచ్చేసింది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వేడి చూపించి (క్యారవాన్‌లో దానికేం కొదవ) రబ్బరును చేత్తో సాగదీశాను. కాటా ముల్లు ఇంకాస్త ముందుకు కదిలింది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. తలుపు, దాని అరల్లో సీసాలు కలిపి పది కిలోలు అనుకుందాం. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ బరువును బయటికి లాగే బలం రెండు కిలోలకు కొంచెం ఎక్కువ. బరువు తలుపు మధ్యలో ఉంటుంది, అయస్కాంతం పట్టేది కీలుకు అవతలి అంచున, కాబట్టి అంచు దగ్గర అందులో సగం, కిలో చిల్లర. తలుపు ఆగుతుంది. అదే మలుపును 30తో కోస్తే బలం నాలుగున్నర కిలోలు దాటుతుంది, అంచు దగ్గర రెండుంపావు పైనే. తలుపు ఆగదు. వేగం ఒకటిన్నర రెట్లయితే తోపు రెండుంపావు రెట్లు. లోపలి అరల్లోంచి జారొచ్చి గుద్దే డబ్బాల లెక్క ఇందులో వేయలేదు.

డ్రైవర్‌కి చెబితే నవ్వాడు. "మెల్లగ పోతే ఏం గాదు సార్, నాకు ఎర్కే. మేనేజర్ ఫోన్ల మీద ఫోన్లు జేస్తడు, జల్ది రా జల్ది రా అని."

12 నవంబరు, మంగళవారం

రాణీగంజ్ వెళ్లాను. హార్డ్‌వేర్ దుకాణాల్లో తిరగడమంటే నాకు ఇప్పటికీ సినిమాకు వెళ్లినంత ఇది. మెట్రోలో అమీర్‌పేట, అక్కడి నుంచి సికింద్రాబాద్ వైపు. అమీర్‌పేటలో కోచింగ్ కాయితాలు పంచే కుర్రాడు నాకు కూడా ఒకటి ఇచ్చాడు. 45 రోజుల్లో డేటా సైన్స్.

దుకాణంలో నాలుగైదు రకాలు చూశాను. పిల్లలు తెరవకుండా అమ్మే ప్లాస్టిక్ పట్టీలు, వెనక జిగురుతో అంటించేవి. చవక. కానీ ఎండలో ఆగిన క్యారవాన్ లోపల ఎంత వేడెక్కుతుందో దాని జిగురుకు తెలియదు. మే నెలలో ఒక మధ్యాహ్నం చాలు, అది జారిపోవడానికి. వెల్క్రో బెల్టు కొంచెం నయం, కానీ దుమ్ము పట్టాక దాని పళ్లు పనిచేయవు. టవర్ బోల్ట్ గట్టిదే, కానీ అది కదలికకు టకటక కొట్టుకుంటూనే ఉంటుంది.

మేనల్లుడు ముందే ఒక వడ్రంగిని పిలిపించి ఫ్రిజ్ పక్క రేకుకు డ్రిల్లు వేయించబోయాడు. సరిగ్గా టైముకు వెళ్లాను. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి వెనకాల నల్ల జాలీ కనిపించదు. ఆ వేడి గొట్టాలు పక్క గోడల రేకు లోపల, రేకును ఆనుకునే ఉంటాయి. అందుకే పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అక్కడ బెజ్జం వేస్తే గొట్టం పగిలి గ్యాస్ పోతుంది, ఫ్రిజ్ అంతటితో సరి. ఇంకా పెద్ద సంగతి, ఇప్పుడు వాడే ఆర్600ఏ గ్యాస్ మండే రకం. ఉండేది కొద్ది గ్రాములే. అయినా మూసి ఉన్న బండిలో, మేకప్ లైట్లూ హెయిర్ డ్రయ్యర్లూ ఉన్నచోట, ఆ కొద్ది కూడా వద్దు.

కాబట్టి గడియ ఫ్రిజ్‌కు కాదు, దాని చుట్టూ ఉన్న ప్లైవుడ్ చట్రానికి. వేలెడు పొడవు స్టీలు పలక, ఒక చివర బోల్టు మీద తిరిగేది. అడ్డంగా తిప్పితే తలుపు అంచు మీదికి వస్తుంది, నిలువుగా తిప్పితే తప్పుకుంటుంది. తలుపుకు తగిలే వైపు మందపాటి రబ్బరు ముక్క అంటించాను, చప్పుడు రాకుండా, తలుపు కొంచెం లోపలికి ఒత్తుకునేలా. పైన ఒకటి, కింద ఒకటి. ఒక్కటే పెడితే రెండో మూల మెలితిరిగి సందు ఇస్తుంది, మా లైన్‌లో చూసిందే.

ఫ్రిజ్ మొత్తం జారకుండా కాళ్ల దగ్గర ఇనుప కోణాలు వేయించాను. తలుపు కదలకుండా ఫ్రిజ్ కదిలితే ఏం లాభం. వెనకా పక్కలా గాలి ఆడటానికి సందు వదిలాం.

మా ఇంట్లో పాత ఆల్విన్ ఇంకా ఉంది, బాల్కనీలో పచ్చళ్లూ పప్పులూ పెట్టుకునే బీరువాలాగా. కరెంటు పెట్టి ఏళ్లయింది. దాని తలుపుకి తాళం ఉంది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఆ తాళం చెవి అమ్మ కొంగుకు ఉండేది, పనివాళ్లు పాలు తాగుతారనో, పిల్లలు మీగడ తింటారనో. మేనల్లుడు దాన్ని చూసి, "ఇలాంటి తాళం ఉన్న ఫ్రిజ్జే బండిలో పెడితే సరిపోయేది కదా మావయ్యా" అన్నాడు. వాడి మాటలో అర్థం ఉంది. కానీ ఆ తాళం నాలుక ఒక్కచోటే పడుతుంది, కుదుపుకు ఊగుతుంది. షూటింగులో తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వెతకడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి.

15 నవంబరు, శుక్రవారం. కార్తీక పౌర్ణమి

వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర కాలు పెట్టే సందు లేదు. మా ఆవిడ 365 వత్తులు వెలిగించి వచ్చింది.

సాయంత్రం డాలస్ నుంచి అమ్మాయి ఫోన్. గడియ సంగతి చెబితే, "నాన్నా, మేం ఎల్లోస్టోన్ వెళ్లినప్పుడు అద్దెకు తీసుకున్న ఆర్వీలో, అంటే అక్కడి క్యారవాన్‌లో, గడియ ఫ్రిజ్‌కే ఉంది" అంది. బండి తాళాలు ఇచ్చే ముందు అద్దె కంపెనీ మనిషి ఒక కాయితం చదివించాడట: గ్యాస్ కట్టేశావా, మెట్టు లోపలికి మడిచావా, ఫ్రిజ్ లాక్ చేశావా. అవి చూడకుండా కదలొద్దని.

ఆ దేశాల్లో అలాంటి బండ్ల కోసం ఫ్రిజ్‌లు వేరే చేస్తారు. చాలాకాలం గ్యాస్ మంటతో నడిచేవే వాడారు. మంటతో చల్లబరచడం అంటే వినడానికి వింతే గానీ, స్వీడన్‌లో ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో కనిపెట్టిన పద్ధతి అది. కంప్రెసర్ ఉండదు, చప్పుడు ఉండదు. కాకపోతే బండి సమంగా ఆగాలి, వాలుగా ఆగితే లోపలి ద్రవం సరిగ్గా పారక చల్లదనం రాదు. ఇప్పుడు వాటి చోట 12 వోల్టుల బ్యాటరీతో నడిచే కంప్రెసర్ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. ఏదైనా సరే, తలుపుకి గడియ మాత్రం ఫ్యాక్టరీలోనే వస్తుంది. మన దగ్గర క్యారవాన్ కట్టేవాళ్లు ఎక్కువగా షాపులో దొరికే ఇంటి ఫ్రిజ్ తెచ్చి ఇరికిస్తారు. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణం ఉంది మన దేశంలోనూ. కానీ వీధి చివర షెడ్డులో ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకోవాలో ఆలోచించేది వడ్రంగే.

మా అక్కయ్య పక్కనే ఉండి వింటోంది. "రామారావు గారు చైతన్యరథం మీద రాష్ట్రమంతా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. మీకు ఫ్రిజ్‌లు కావాలి" అంది. 1982లో ఆ పాత షెవర్లే వ్యాన్ మా ఊరు వచ్చినప్పుడు ఆమె చూసింది. దాని గురించి ఎప్పుడు మాట్లాడినా నిన్న చూసినట్టే చెబుతుంది. సరేనని ఆమెనే అడిగాను, శ్రీశైలం వస్తావా అని. షెడ్యూల్ లేదు, బండి ఖాళీ, గడియ పరీక్షకు ఘాట్ రోడ్డు కావాలి. ఆమెకు కార్తీకమాసంలో మల్లన్న కావాలి.

21 నవంబరు, గురువారం. శ్రీశైలం

తెల్లవారుజామునే బయల్దేరాం. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, పులుల అడవి కాబట్టి. మేం చేరేసరికి తెరిచారు. కడ్తాల్, కల్వకుర్తి, డిండి దాకా రోడ్డు సాఫీ. ఆ దారిలో ఫ్రిజ్‌కు పరీక్షే లేదు.

సర్దడం నేనే చూసుకున్నాను. తలుపు అరల్లో బరువులు వద్దని చెప్పాను. చట్నీ డబ్బా, నిమ్మకాయలు, అంతే. పాలు, పెరుగు, నీళ్ల సీసాలు కింది అరలో, వెనక గోడకు ఆనించి. వాటి ముందు మిగిలిన సందులో మడిచిన తువ్వాలు కుక్కాను. అక్కయ్య చేసిన పులిహోర ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. "పులిహోరకు ఫ్రిజ్ ఏమిటిరా, గట్టిపడి చస్తుంది" అని ఒళ్లోనే పెట్టుకుంది.

దోమలపెంట దాటాక అసలు పని మొదలైంది. డ్యామ్ దాకా మలుపు మీద మలుపుతో దిగుడు, అవతల సుండిపెంట వైపు ఎక్కుడు. నేను ఫ్రిజ్ ఎదుటి సీట్లో బెల్టు పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చున్నాను. కిటికీలోంచి కృష్ణ కనిపిస్తోందని అందరూ అరుస్తున్నారు. నేను చూసింది స్టీలు పలక కింద రబ్బరు ముక్కను. ఎడమ మలుపులో అది కొంచెం నొక్కుకునేది, మలుపు అయిపోగానే మళ్లీ ఉబ్బేది. లోపల ఒకసారి సీసా కదిలిన చప్పుడు వచ్చింది. తలుపు కదల్లేదు.

ఒకచోట ఎదురుగా బస్సు వస్తే డ్రైవర్ గట్టిగా బ్రేకు కొట్టాడు. అక్కయ్య ఒళ్లో పులిహోర డబ్బా మూత ఊడింది. ఫ్రిజ్‌లోది ఏదీ ఒలకలేదు.

"సార్, గడియ బాగనే ఉంది" అన్నాడు డ్రైవర్ పైకి చేరాక. "గానీ నేను గూడ మెల్లగనే నడిపిన." అదీ నిజమే. మేనేజర్ ఫోన్ లేకపోతే అతను ఎంత బాగా నడుపుతాడో ఇవాళ తెలిసింది.

27 నవంబరు, బుధవారం

బండి మళ్లీ షూటింగుకు పోతోంది. నాలుగైదు రోజులు ఆగి ఉన్నప్పుడు ఫ్రిజ్ ఆపేసి తలుపు మూసి పెట్టారట. తెరిస్తే బూజు, ముక్కు పగిలే కంపు. బండి కదిలేటప్పుడు తలుపు ఎంత గట్టిగా మూయాలో, ఫ్రిజ్ ఆపి నిలిపినప్పుడు అంత కచ్చితంగా తెరిచి ఉంచాలి. లోపలి తడి ఆరాలి. అందుకని పై గడియ పక్కన ఇంకో బోల్టు బెజ్జం వేశాను. అందులో బిగిస్తే పలక తలుపుకూ చట్రానికీ మధ్య అడ్డుగా నిలిచి రెండు వేళ్ల సందు ఇస్తుంది. తలుపు మూసుకోదు, ఊగదు.

డ్రైవర్ సీటు ఎదురుగా కాయితం అంటించాం, అతని మాటల్లోనే రాయించి: గడియ జూడు, సీసాలు కింద, గడియ పడకుంటే గేరెయ్యకు. మేనేజర్ కూడా చదవాలని పెద్ద అక్షరాలతో రాయించాను.

మేనల్లుడు కొత్త బండి కట్టిస్తున్నాడు. నన్ను అడిగితే ఈసారి నిలువు ఫ్రిజ్ వద్దు. పైకి మూత తెరుచుకునే పెట్టె రకం, 12 వోల్టులది కొనమన్నాను. మూత పైన ఉంటే ఏ మలుపైనా దాన్ని తెరవలేదు. మూత తీసినా చల్లగాలి కిందికి జారిపోదు. నిలువుదే కావాలని ఆర్టిస్టులు పట్టుబడితే, దాని మొహం బండి వెనక్కి ఉండేలా పెట్టమన్నాను. బ్రేకు ఎంత గట్టిగా వేసినా సామాను వెనక గోడకే ఒత్తుకుంటుంది.

సాయంత్రం పాత సామాన్ల బండివాడు వీధిలో అరుచుకుంటూ పోతుంటే మా ఆవిడ పిలిచింది. బాల్కనీలో ఆల్విన్‌ను ఇక తీసేద్దామంది. బేరం కుదిరింది. ఇచ్చే ముందు కీలు విప్పి తలుపు విడిగా తీశాను. తాళం చెవి పడే డబ్బా లోపలి నుంచి తోస్తే తెరుచుకోదు. అది ఏ స్క్రాప్ షెడ్డు వెనక పడి ఉంటుందో, అక్కడ ఏ పిల్లలు ఆడుకుంటారో. బండివాడు విసుక్కున్నాడు, తలుపుతో ఉంటే ఇంకో వంద ఎక్కువ వచ్చేదని. ఆ వంద నేనే ఇచ్చాను. ఈ పుస్తకం రేపు మా ఇంట్లో ఎవరి చేతిలో పడినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పాత ఫ్రిజ్ ఎవరికిచ్చినా, ఎక్కడ పారేసినా, తలుపు ఊడదీసి ఇవ్వండి.